కుడివైపు లైటు

కారు సామాన్ల షాపు వెనక, రేకుల షెడ్డులో, ఒక పాత కారు డిక్కీ తెరిచి ఉంది. డ్రైవింగు మాస్టారు టార్చి పట్టుకుని నిలబడ్డారు. ఆయన అల్లుడు, ఆ షాపు యజమాని, స్క్రూడ్రైవరుతో వెనక లైట్ల ముందు చతికిలబడ్డాడు. కొత్తరకం ఇండికేటరు ఎడమవైపు ఎక్కింది. కుడివైపు మిగిలింది.

“అయితే ఒక్కవైపుతో సరిపెట్టుకోమంటావు.”

“ఈ పూటకి అంటున్నా మామయ్యా. రెండోది రేపు బిగిస్తాను.”

“రేపటిదాకా కుడికి తిరగకూడదన్నమాట. సరే, ఎడమకే తిరుక్కుంటూ పోతాను. ఊరంతా చుట్టి మళ్లీ నీ షాపు ముందే తేలతాను.”

“అది కాదు. కుడివైపు పెట్టాల్సిన లైటు పట్టీ పాడైనట్టుంది.”

“ఇందాక నువ్వేగా బల్ల మీద వెలిగించి చూపించావు. లోపలి నుంచి బయటికి చీమల బారులాగా పరిగెత్తింది. చూడముచ్చటగా ఉంది.”

“అప్పుడు వెలిగింది.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు... కొంచెం అనుమానంగా ఉంది.”

“అనుమానం లైటు మీదా, నా మీదా?”

“మీ మీద ఎందుకు మామయ్యా?”

“ఏమో నాయనా. బుర్రకేమీ కాలేదని డాక్టరమ్మ చెప్పినప్పుడు కూడా మీ ఆలుమగల మొహాలు విచ్చుకోలేదు. అన్ని పరీక్షలు చేసి, తలకాయకి ఫోటోలు తీసి, మాస్టారూ, మీ జ్ఞాపకశక్తి నాకన్నా బాగుంది, వెళ్లి బండి నడుపుకోండి అంది. నేనైతే ఆవిడకి దణ్ణం పెట్టేశాను. మీ ఆవిడేమో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.”

“అలిసిపోయింది మామయ్యా తను, ఆస్పత్రుల చుట్టూ తిరిగి.”

“పాపం, అలిసిపోదూ మరి. నేను డాక్టరమ్మని ఒకటే అడిగాను. మరి ఆ రోజు ఇండికేటరు వెయ్యడం ఎలా మర్చిపోయానమ్మా అని. ఊరందరికీ నేర్పినవాణ్ణి, కుడికి తిరుగుతూ ఇండికేటరు వెయ్యకపోవడమేమిటి, వెనకొస్తున్న బేకరీ ఆయన మోటారుసైకిలుతో వచ్చి గుద్దుకుని కాలు విరగ్గొట్టుకోవడమేమిటి అని. దానికి ఆవిడ, ఒక్కోసారి అందరం మర్చిపోతాం మాస్టారూ అంది. అందుకే ఈ పరిగెత్తే లైట్లు. ఇంత హంగామాగా వెలిగేదాన్ని వేశానో లేదో పక్క గోడల మీద వెలుగు చూసైనా నాకు తెలుస్తుంది. నన్ను నేను నమ్మొచ్చు. మళ్లీ బోర్డు కట్టుకోవచ్చు.”

“స్కూలు మళ్లీ తెరుస్తారా?”

“ఇద్దరు ముగ్గురు అడుగుతూనే ఉన్నారు, మాకు మీరే నేర్పాలి అని. నీ అంత మొద్దు శిష్యులు కారులే.”

“మామయ్యా.”

“అబద్ధమా? రివర్సు నేర్చుకుంటూ నా గేటు పడగొట్టావు. గేటు బాగుచేసే వంకతో రోజూ వచ్చి చివరికి పిల్లనడిగావు. పోనీలే, క్లచ్చు మీద కాలు నిలవకపోయినా మాట మీద నిలబడతాడు అనుకుని ఇచ్చాను. సరే, దీని సంగతి చెప్పు. ఎడమవైపు విప్పినప్పుడూ అడిగాను, వినిపించనట్టు ఊరుకున్నావు. ఈ పచ్చటి డబ్బీ ఏమిటి?”

“ఏదీ?”

“నీ ముక్కు కిందే ఉంది. వేడిగా కూడా ఉంది.”

“అదా. రెసిస్టర్ అంటారు.”

“అంటారు సరే. ఏం చేస్తుంది?”

“ఏం చెయ్యదు. ఊరికే కరెంటు తాగుతుంది.”

“ఊరికే తాగేదాన్ని తెచ్చి నా కారులో ఎందుకు కూర్చోబెట్టావు?”

“ఎల్‌ఈడీ లైటు చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది మామయ్యా. కారేమో పాత బల్బుకి అలవాటు పడింది. ఇంత తక్కువ పోతోందేమిటి, బల్బు మాడిపోయిందేమో అనుకుని టికటికటిక అని గోల పెడుతుంది. ఇది పక్కన కూర్చుని ఆ మిగతా కరెంటు తాగేస్తే, బల్బు ఉందిలే అనుకుని నిదానంగా కొట్టుకుంటుంది.”

“అంటే కారుని మభ్యపెట్టడం.”

“సర్దుబాటు అంటాం మేము.”

“మంచి పేరే పెట్టుకున్నారు.”

“ఉండండి, ఫోను... ఆ, చెప్పు... ఆ, ఇక్కడే ఉన్నారు, టార్చి పట్టుకున్నారు... లేదు, ఇంకా ఎడమవైపే... తియ్యలేదు. తియ్యలేదన్నాగా... నేను చూసుకుంటా. ఆ, పంపిస్తా. పంపిస్తానులే.”

“అమ్మాయేనా?”

“భోజనానికి రమ్మంటోంది. మీరు వెళ్లండి మామయ్యా. నేను పూర్తిచేసి, సాయంత్రానికి కారు తెచ్చి ఇంటి ముందు పెడతాను.”

“ఇందాక రేపన్నావు, ఇప్పుడు సాయంత్రమంటున్నావు. ఎడమవైపు అన్నావేమిటి ఫోన్లో? భోజనం ఏ వైపు పెడుతుందట?”

“ఎంతవరకు వచ్చిందని అడిగింది, అంతే.”

“పిచ్చితల్లి. నాకేమవుతుందోనని దానికి ఒకటే బెంగ. పొయ్యి పక్కన కాగితం అతికించింది చూశావా, గ్యాసు కట్టేశావా నాన్నా అని? వీధి తలుపు మీద ఇంకోటి, తాళం తీసుకున్నావా నాన్నా అని. రాత్రి మంచినీళ్లకి నేను లేస్తే అదీ లేచి కూర్చుంటుంది. ఏమే, నిద్ర పట్టలేదా అంటే కళ్లు తుడుచుకుంటుంది. కన్నకూతురు కాబట్టి చేస్తోంది. ఇంకెవరు చేస్తారు? నువ్వు లే, నేనే విప్పుతాను.”

“వద్దు మామయ్యా, నేను...”

“నాలుగు మరలకి నీ అనుమతి కావాలా? టార్చి నువ్వు పట్టుకో.”

“కుడివైపు రేపు చూద్దాం మామయ్యా.”

“పట్టుకో అన్నానా. ఇదొకటి... ఇదొకటి... ఆ, వచ్చేసింది. అల్లుడూ.”

“ఊఁ.”

“వెలుగు ఇటు చూపించు. ఇంకా దగ్గరగా.”

“చూపిస్తున్నా.”

“ఇది ఎల్‌ఈడీ కాదు. ఎడమవైపు నుంచి తీసినదాని నిండా గింజల్లాగా చిన్న చిన్న దీపాలున్నాయి. ఇదేమో మామూలు గాజు బల్బు. యాక్సిడెంటుకి ముందు, నా పుట్టినరోజు కానుక అని రెండువైపులా నువ్వే కొత్తవి పెట్టావు. ఒకవైపు అది, ఒకవైపు ఇది ఎందుకున్నాయి?”

“అప్పుడు స్టాకు లేక ఒకవైపు...”

“నేను పక్కనే ఉన్నాను. రెండూ ఒకే డబ్బాలోంచి తీశావు. నా బుర్ర బాగుందని డాక్టరు చెప్పిందిరా అబ్బాయ్.”

“ఏమండీ, షాపులో ఎవరూ లేరేం? సీటు కవర్లున్నాయా?”

“రేపు రండి.”

“రేపేమిటండీ, ముందు గదిలో అన్నీ వేలాడుతూ కనిపిస్తుంటే?”

“రేపు రండి అన్నానుగా.”

“వెళ్లిరండి బాబూ, మా అల్లుడికి ఇవాళ అన్నీ రేపే. ...ఈ బల్బు నాది, అల్లుడూ. కారు ముందు అరలో గుడ్డలో చుట్టి ఎప్పుడూ ఒకటి ఉంచుకుంటాను. యాక్సిడెంటు తర్వాత చూస్తే గుడ్డ ఖాళీ. అదీ నేనే ఎక్కడో పారేసుకుని మర్చిపోయాననుకున్నాను. ఇక్కడ ప్లాస్టిక్ కరిగింది చూడు. ఈ డబ్బీ వేడికేనా?”

“అవును.”

“దీన్ని ఇక్కడే అతికిస్తారా?”

“ఇనపరేకుకి బిగించాలి. ఆ రోజు తొందరలో నేను... జిగురు టేపుతో లైటు పక్కనే అతికించేశాను. ఆ వేడికి లైటు మాడిపోయింది.”

“మాడిపోతే కారు చెబుతుందా, పోయిందని?”

“చెప్పదు.”

“ఎందుకు చెప్పదు?”

“ఇందాక చెప్పాగా మామయ్యా. ఇది తాగుతూనే ఉంటుంది. కారు బల్బు ఉందనే అనుకుంటుంది.”

“అనుకుని నిదానంగా కొట్టుకుంటుంది. టిక్, టిక్ అని.”

“అవును.”

“నేను విన్నది అదే. ఆ మలుపులో నేను విన్నది అదే. బల్బు పోతే చప్పుడు గాభరా పడుతుంది, చెవులు అటు వేసి ఉంచండి అని మొదటి రోజే చెబుతాను నేను, నీకూ చెప్పాను. ఆ రోజు చప్పుడు నిదానంగా ఉంది. ఉందని పోలీసులకి చెప్పాను, నీకు చెప్పాను, అమ్మాయికి చెప్పాను. మర్నాడు ఇన్‌స్పెక్టరు స్టేషను వెనక పెట్టిన కారు దగ్గరికెళ్లి మీట నొక్కి చూస్తే, లైటు నిక్షేపంగా వెలిగింది. లైటు మంచిదే, మనిషే వెయ్యలేదు అని రాసేశాడు. ముందురోజు మాడిపోయిన లైటు మర్నాటికెలా వెలిగింది?”

“మామయ్యా, ఆ స్టూలు మీద కూర్చోండి ముందు.”

“నిలబడే వింటాను.”

“బల్బు మార్చాం.”

“ఎప్పుడు?”

“ఆ సాయంత్రమే. ఇన్‌స్పెక్టరు రాకముందు.”

“స్టేషన్లో ఉన్న కారు దగ్గరికి ఎలా పోనిచ్చారు?”

“మీ మందులు కారులో ఉండిపోయాయంటే, ఇంటివాళ్లే కదా అని తాళం ఇచ్చారు.”

“నువ్వే మార్చావా?”

“...అవును. నేనే.”

“ఎందుకు?”

“ఇవే లైట్లు, ఇలాగే, స్కూలు పిల్లల వ్యాన్లకి కూడా పెట్టాను మామయ్యా. తెలిస్తే షాపు మూయించి నన్ను లోపల వేసేవాళ్లు. మీరైతే పెద్దవారు, ఏదో పొరపాటు అని వదిలేస్తారనుకున్నాం. ఆ వ్యాన్లన్నీ తర్వాత ఒక్కోటీ పిలిపించి సరిచేశాను. ఒట్టు.”

“వదిలేశారు. నిజమే, వాళ్లు వదిలేశారు. నేనే వదల్లేదు. ఆ బేకరీ ఆయన మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయనది ఒకటే మాట, మీ లైటు వెలగలేదండీ అని. అవును బాబూ, నేనే వెయ్యలేదు, వయసు మీద పడింది, మన్నించు అన్నాను. ఆ ఇల్లాలు నన్ను తిట్టకపోగా కుర్చీ వేసి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆ గ్లాసు అలాగే కింద పెట్టి వచ్చేశాను. ఇప్పుడాయన నడుస్తున్నాడు, అదొక్కటే చల్లటి మాట. మీ అత్తయ్య పోయాక నాకు మిగిలిందల్లా పదిమందికి పాఠాలు చెప్పుకోవడం. ఆ బోర్డు నా చేతులతో నేనే దింపాను. నేను పైకెక్కితే కింద నిచ్చెన నువ్వే పట్టుకున్నావు.”

“మామయ్యా...”

“గట్టిగా పట్టుకున్నావు కూడా. ఎక్కడ పడిపోతానోనని.”

“నన్ను కొట్టండి మామయ్యా. నాలుగు పీకండి.”

“పీకి ఏం చేసుకోను? ఒక్కటి చెప్పు నాకు. ఆ రోజు నేను ఇండికేటరు వేశానా?”

“వేశారు.”

“అలా నేలకి చెప్పకు. నాకు చెప్పు.”

“మీరు ఇండికేటరు వేశారు మామయ్యా. మీరు మర్చిపోలేదు.”

“ఇంకోసారి.”

“మీరు మర్చిపోలేదు.”

“...టార్చి ఆపు. ఊరికే బ్యాటరీ దండగ.”

“నేను స్టేషనుకి వెళతాను. ఇవాళే. ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.”

“వెళుదువుగాని. ముందు ఆ బేకరీ ఆయన ఇంటికి పోదాం, మీరు చెప్పిందే నిజమండీ అని చెప్పాలి ఆయనకి. ఇద్దరం వెళదాం. ఫోను ఇటివ్వు.”

“ఎవరికి?”

“అమ్మాయికి.”

“వద్దు మామయ్యా.”

“నీ సంగతి ఇప్పుడు చెప్పనులే. నీ కాపురంలో నిప్పులు పోసే ఉద్దేశం నాకు లేదు. అది నిన్నే నమ్ముకుని ఉంది, మొగుడు ఇలా చేశాడంటే తట్టుకోలేదు. ఆ మాట నువ్వే నెమ్మదిగా చెప్పుకో. నేను మాత్రం మీ నాన్న బుర్రకేమీ కాలేదే, ఆ కాగితాలన్నీ పీకి పారెయ్యవే అని చెబుతాను. ఈ ఒక్క రాత్రయినా దాన్ని నిద్రపోనీ.”

“వద్దు. ఇప్పుడొద్దు.”

“నీకేం పోయింది? ఫోనివ్వు.”

“తనకి తెలుసు మామయ్యా.”

“ఏం తెలుసు?”

“అన్నీ.”

“నువ్వు చెప్పావా?”

“నేను చెప్పడమేమిటి? నిదానంగానే వినిపించింది అని మీరు ఆ బేకరీ ఆయన్ని చేర్చిన ఆస్పత్రిలో అనగానే తనే నాకు ఫోను చేసింది, రెసిస్టర్ ఎక్కడ అతికించావని. నేనేమో ఆ రోజు ఊళ్లో లేను, సరుకు కోసం వెళ్లాను. ఇందాక మీకు అబద్ధం చెప్పాను. నేను తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది.”

“నువ్వు ఊళ్లో లేకపోతే బల్బు మార్చిందెవరు? అల్లుడూ, బల్బు మార్చిందెవరు?”

“బల్బు మార్చడం... చిన్నప్పుడు తనకి మీరే నేర్పారట కదా, మామయ్యా.”