నీళ్ళు పోయొద్దన్న మాట

నా పేరు కంటే ముందు ఈ ముక్క రాయమని ఎస్సై గారిని అడిగాను. ఒప్పుకున్నారు. పన్నెండేళ్ల క్రితం గాజువాకలో వృద్ధుల సంరక్షణ కేంద్రం తెరిచిన రోజున దాని యజమాని అర్జునరావు మైకు పట్టుకుని, పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్ని నర్సు పక్కన లేకుండా ఏ రోగి దగ్గరా వదలనని అందరి ముందూ మాటిచ్చాడు. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఆ మాట ఏడాది కూడా నిలవలేదు.

నా పేరు బొడ్డు మైఖేల్. వయసు డెబ్బై ఎనిమిది. పోర్టులో ఓడల సరుకు లెక్క రాసే టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఆ కేంద్రంలోనే ఉన్నాను. పుస్తకాలు చదవడం తప్ప వేరే వ్యాపకం లేదు. చూపు, వినికిడి బాగున్నాయి. ఇది ప్రత్యేకంగా చెప్పడానికి కారణం, నాకు మతి చలించిందని అర్జునరావు మీకు చెప్పాడని విన్నాను.

చనిపోయిన సింహాద్రిది నా పక్క మంచం. జాలరి. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది, మింగడం కష్టమయ్యేది. సాయిదుర్గ అచ్యుతాపురం వైపు నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల అప్రెంటిస్. చేరి నెల కాలేదు. అప్పటికి ఆమెకు నేర్పింది దుప్పటి ముడత లేకుండా పరవడం, చూడటానికి వచ్చినవాళ్లకు నమస్కారం పెట్టడం.

గత మంగళవారం ఉదయం ఎనిమిదింటికి ట్రైనర్ కృష్ణంరాజు మా గది గుమ్మంలో నిలబడ్డాడు. బెంగళూరులో పెరిగిన మనిషి. తెలుగును అద్దెకు తెచ్చుకున్నట్టు మాట్లాడతాడు. చెవి దగ్గర ఫోను తీయకుండానే, "ఈయనకి నీళ్ళు పోయొద్దు" అని ఆ పిల్లకు చెప్పి వెళ్లిపోయాడు. అతని ఉద్దేశం గొంతులో పోయొద్దని. మా వైపు నీళ్ళు పోయడమంటే స్నానం చేయించడం. బాలింతకు పోస్తారు, పసిబిడ్డకు పోస్తారు, ముసలివాడికీ పోస్తారు. ఇన్ని పుస్తకాలు చదివిన నాకూ అలాగే అర్థమైంది.

సాయిదుర్గ బకెట్టు పక్కన పెట్టి, తడిగుడ్డతో అతని ఒళ్లు తుడిచింది.

"ఏటే గుంటా, నాకియ్యాల తానం నేదా?" అన్నాడు సింహాద్రి.

"సారు నీల్లు పొయ్యద్దన్నారు తాతా. జొరమేటో."

"సేపలోడికి నీల్లు పొయ్యద్దన్నోడెవుడే? ఆడ్ని పడవెక్కించి తోసీమను."

ముగ్గురం నవ్వుకున్నాం.

పదిన్నర ప్రాంతంలో, గొంతెండిపోతోంది, నీళ్లిమ్మన్నాడు. ఆమె గ్లాసు నిండా తెచ్చి నోటికి అందించింది. రెండో గుక్కకే పొలమారింది. మొహం నల్లబడింది. ఆమె బెల్లు నొక్కింది, నర్సమ్మా నర్సమ్మా అని అరిచింది. నర్సు కేథరిన్ లేదు. రుషికొండలో ఏదో హోటల్లో దిగిన తన అతిథులకు బీపీ చూడటానికి అర్జునరావు పొద్దున్నే ఆమెను కారులో తీసుకెళ్లాడు. నేను ఒకరు పట్టుకోనిదే లేవలేను. ఆ పిల్ల సింహాద్రి వీపు రాస్తూ, "ఊపిరి తియ్యి తాతా, ఊపిరి తియ్యి" అంటూనే ఉంది. అతను పోయాక కూడా అంటూనే ఉంది.

కృష్ణంరాజు మేడ దిగి వచ్చి, "నీళ్ళు పోయొద్దని చెప్పాను కదా!" అన్నాడు.

"పొయ్యనేదు సార్," అంది ఆమె. "తాగడానికే ఇచ్చేను."

ఈ జవాబును అక్షరం మార్చకుండా రాయండి. ఆమె తరఫున ఇంతకంటే పెద్ద సాక్ష్యం నా దగ్గర లేదు. చెప్పిన మాట వినలేదని కదా ఆమె మీద కేసు. ఆమె వింది, మా వైపు ఆ మాటకున్న అర్థం ప్రకారమే చేసింది.

సాయంత్రం అర్జునరావు వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు.

"బావా, గుంటది మాటిన్నేదని ఒక్క ముక్క సెప్పీ. సిన్నపిల్లని జడ్జీ గారు వొగ్గేత్తారు. సెంటరు మూసేత్తే నువ్వెక్కడికెల్తావు?"

"నాను నీకు బావనెప్పుడైపోనాన్రా? మా సెల్లెల్ని నీకిచ్చినట్టు గేపకం నేదు," అన్నాను.

మర్నాడు నా సామాను వరండాలో ఉంది. ఇప్పుడు మా చర్చి వెనక గదిలో ఉంటున్నాను.

కానిస్టేబుల్ ఇదంతా చదివి వినిపించారు. ఒకచోట సాయిదుర్గను నర్సు అని రాశారు. అది కొట్టేయించి అప్రెంటిస్ అని వేయించాను. మిగతాది నేను చెప్పినట్టే ఉంది, నేను కళ్లారా చూసినట్టే చెప్పాను. కృష్ణంరాజుకు మా భాష రాదు, ఆ పిల్లకు ఇంకా పని రాదు. ఈ రెండూ తెలిసి కూడా నర్సును మా గదిలోంచి తీసుకుపోయినవాడే సింహాద్రిని చంపాడు. అతని పేరు అర్జునరావు.

(సంతకం) బొడ్డు మైఖేల్