అమ్మ చేసిన ఆఖరి సీసా

నేలమాళిగలో అమ్మ చేసిన ఆఖరి వైన్ సీసా ఖాళీగా దొర్లుతూ కనిపించేసరికి కూతురు కేకేసింది.

“నాన్నా, దొంగలు పడ్డారు!”

“రుచి తెలిసిన దొంగే అయ్యుంటాడులే.”

“వేళాకోళమా? అమ్మ పోయాక మిగిలింది అదొక్కటే. నా పెళ్ళినాడు రుచి చూద్దామని దాచుకున్నాను. నువ్వే తాగావా?”

“వైన్ రుచి చూడటమే నా ఉద్యోగం కదమ్మా. గ్లాసు తిప్పాలి, వాసన పీల్చాలి, పుక్కిలించి ఉమ్మేయాలి. మింగితే నాలుక మొద్దుబారిపోతుంది.”

“మరి ఉమ్మే తొట్టి పొడిగా ఉందేం?”

ఆయన తల దించుకున్నాడు.

“వాసన పీల్చగానే మీ అమ్మ పక్కన నిలబడ్డట్టయింది, తల్లీ. ఉమ్మడానికి మనసొప్పలేదు. నీకు మిగల్చాలనే అనుకున్నా. ఇంకో గుక్క తాగితే ఇంకాసేపు ఉంటుందేమోనని, అంతా నేనే తాగేశాను.”