ముందు నీది ఆపు

మొక్కజొన్న చేను పక్కన రెండు పాత ట్రాక్టర్లు, వాటి వెనక రెండు నిండు ట్రాలీలు. ఎర్రది బావది, నీలంది బామ్మర్దిది. రెండూ ఇంజన్ మీదే ఉన్నాయి. పడమట మబ్బు లేస్తోంది.

"ఏంటీ? వినపడలా!"

"నీ డబ్బా ఆపమంటున్నానురా! దాని రొదలో నా ఇంజన్ మాట వినపడట్లేదు."

"నీ ఇంజన్ మాట్లాడుతుందా బావా? నేనింకా దగ్గుతోందనుకున్నా."

"దగ్గేది నీ నీలంది. నాది పలుకుతుంది. ముందు నీది ఆపు, చెవి పెట్టి విను."

"మబ్బు చూడు బావా. ముందు ట్రాలీలు షెడ్డుకి చేరుద్దాం. నీ కచేరీ తర్వాత తీరిగ్గా వింటా."

"మబ్బెక్కడికీ పోదు. ఇంతసేపూ కూసింది నువ్వే కదా, ఎర్రది బరువు లాగితే ఆవిరి కక్కుతుందని. అన్నాక మాట మీద నిలబడు."

"కక్కలేదా మరి? మొన్న మలుపు దగ్గర రేడియేటర్ మూత ఎగిరి తుప్పల్లో పడితే, నా తాగే నీళ్ళ సీసా నీకిచ్చి సాయంత్రం దాకా నాలుక ఎండగట్టుకున్నా."

"అది బండి తప్పు కాదు. మూత తప్పు."

"మూత ఏ కంపెనీది?"

"మూతకి కంపెనీ ఏంట్రా?"

"ఎర్రగానే ఉందిగా."

"ఎదురు మాటలు బాగా నేర్చావు. నీ దాని హైడ్రాలిక్ సంగతేంటి? నాగలి పైకి లేవాలంటే నువ్వు దిగి, భుజం పెట్టి, బతిమాలాలి."

"లేస్తుంది. కాస్త ఆలోచించుకుని లేస్తుంది."

"అది ఆలోచించుకునే లోపల నేను అరెకరం దున్నేస్తా."

"దున్నేది వంకర, దానికి మళ్ళీ లెక్కలు! నీ స్టీరింగ్ ఎడమకి తిప్పితే బండి కుడి పక్కకి చూసి, ఎడమ పక్కకి పోతుంది."

"అది నా చేతికి అలవాటు. మామయ్యకి ఆ రోజే చెప్పా, ఎర్రది తీసుకో మామయ్యా, ఇనుమంటే ఎర్ర కంపెనీ వాళ్ళదేనని. నా మాట విన్నాడా?"

"నాన్న నీ మాట వినలేదు కనకనే నాకింకా బండంటూ ఉంది."

"ఇనప పెట్టె ఉంది. బండంటావేంటి?"

"నాన్న మాట వదిలెయ్ బావా. వెనకాలే గట్టు మాట వస్తుంది."

"గట్టు మాట నేనెత్తానా?"

"ఎత్తబోయావు."

"ఎత్తలేదు. గట్టు మూరెడు జరిపిందెవరో చేనుకి తెలుసు. నేనెందుకెత్తుతా?"

"ఇదిగో, ఎత్తావు! అందుకే నీ గడప తొక్కనన్నా. తొక్కను కూడా."

"తొక్కమని బతిమాలిందెవరు? పొద్దున్నే వచ్చేది నువ్వు. గేటు దగ్గర నిలబడి మీ అక్క చేతి టీ తాగేదీ నువ్వే."

"టీ కోసం వస్తున్నానా? సెల్ఫ్ పోయిన నీ ఎర్రదాన్ని లాగి స్టార్ట్ చేయడానికి వస్తున్నా. నేను రాకపోతే నీ బండి వాకిట్లో ముగ్గు మీద కూర్చునుంటుంది."

"సాయంత్రం నిన్ను లాగేదెవరు? నీ ఇంటి ముందు పల్లముంది కాబట్టి పొద్దున దొర్లించుకుని బతికిపోతున్నావు. చేలో ఇంజనాగితే నీదీ మొద్దే. దానిదీ సెల్ఫ్ చచ్చిందిగా."

"చచ్చింది. కాదన్నానా?"

"మరి గొప్పలెందుకు?"

"చావడంలో కూడా తేడా ఉంది బావా. మెకానిక్ చెప్పాడు విన్నావా? నీ ఎర్ర కంపెనీనీ నా నీలం కంపెనీనీ ఎవడో ఒకడే కొనేశాడట. ఇప్పుడు విడిభాగాలన్నీ ఒకే డబ్బాలో వస్తున్నాయట."

"మెకానిక్‌కి మతి పోయింది. కంపెనీ పోతే పోయింది. ఇనుము పోతుందా? విను, విను, ఈ శబ్దం... నీది ఆపరా బాబూ ఒక్క నిమిషం!"

"సరే. ఇదిగో, ఆపుతున్నా. చూశావా?"

"ఏం చూడాలి?"

"ఆగడం చూడు! ఒక్క ఊపిరిలో ఆగింది. ఒక్క కుదుపు లేదు. ఇంజన్ గొప్పదనం శబ్దంలో ఉండదు బావా, ఆగడంలో ఉంటుంది. నీదైతే ఆపాక కూడా కోళ్ళ గంపలా కొట్టుకుంటుంది."

"నాదా? నాది కొట్టుకుంటుందా? నీ కళ్ళెదుటే ఆపుతా, చూడు. వెన్నలా ఆగకపోతే నన్నడుగు. ఇదిగో. ఆ! ఎక్కడన్నా కదిలిందా? మీసం వెంట్రుకంత కదిలిందా?"

"బావా."

"ఒప్పుకోరా. ఒక్కసారి ఒప్పుకుంటే ఏం పోయింది?"

"బావా, రెండూ ఆగిపోయాయి."

"ఆగాయి. నాదే బాగా... ఓరి నీ!"

"పల్లం కూడా లేదు ఇక్కడ."

"నువ్వెందుకాపావురా?"

"నువ్వేగా ఆపమంది!"

"నేనాపేటప్పుడు వద్దనడానికి నోరు లేదా?"

"వెన్నలా ఆగుతుందన్నావు. చూద్దామనిపించింది."

"ఉరిమింది, విన్నావా? తడిస్తే మొక్కజొన్న పొద్దుటికి ఆవిరి పట్టి బూజెక్కుతుంది. ఏడాది కష్టం. ట్రాలీ విప్పి తోద్దామా?"

"ఈ మెత్తటి మట్టిలో మనిద్దరం తోస్తే నడుములు కదులుతాయి, బండి కదలదు."

"పోనీ ఆ ఆకుపచ్చ ట్రాక్టరు వాడికి ఫోన్ చెయ్."

"వాడికా? పోయిన వారమే వాడి బండిని కుట్టు మిషనన్నా. నువ్వు చెయ్."

"నేను అంతకుముందు వారం అన్నా."

"అయితే ఒక పని చెయ్ బావా. ఊరికే, ఒక్కసారి, నీ తాళం తిప్పి చూడు."

"పోయిందన్నాగా."

"చూస్తే పోయేదేముంది? ఒక్కోసారి అంటుకుంటుంది."

"చచ్చినదాన్ని ఎన్నిసార్లు కదిలిస్తావు? నువ్వే నీది తిప్పు."

"నాది... వైరు కాలిపోయింది. తిప్పితే పొగొస్తుంది."

"నాదీ అంతే. పొగ."

"అక్కొస్తోంది."

"వస్తే రానీ. ఇంజన్ కాస్త చల్లారాలని ఆపామని చెప్పు."

"ఏరా తమ్ముడూ, ఈయనేమో సరే, నీకన్నా బుద్ధి లేదా? పైన మబ్బు, కింద పంట, మీరిద్దరూ పెళ్ళి ఫోటోకి నిలబడ్డట్టు నిలబడ్డారేం?"

"ఇంజన్లు చల్లారుతున్నాయక్కా."

"రెండూ ఒకేసారి చల్లారాలా?"

"మీ తమ్ముడే ముందు ఆపాడు."

"ఈయనే ఆపమన్నాడక్కా!"

"చాలు. నా దగ్గరున్నది ఒక్కటే టార్పాలిన్ పట్టా. అది ఎవరి ట్రాలీ మీద వెయ్యను?"

"బావ దాని మీద వెయ్యక్కా."

"వాడి దాని మీదే వెయ్యి. వాడిది బాగా ఎండింది, తడిస్తే ఎక్కువ పీలుస్తుంది."

"అబ్బో. గట్టు దగ్గర లేని మర్యాదలు పట్టా దగ్గర పుట్టాయే! ఏవండీ, మీరు పక్కకి జరగండి. నేనెక్కుతా."

"ఎక్కడికెక్కుతావ్? ఏయ్! దిగు! దాని సెల్ఫ్ పోయింది, తాళం ముట్టుకోకు, షాక్ కొడుతుంది!"

"ట్రాక్టరు తాళానికి షాకేంటండీ? గేరు న్యూట్రల్లోనే ఉందా? ఉంది. జరగండి."

"బావా... స్టార్టయింది!"

"అవును. అదే... ఆశ్చర్యంగా ఉంది."

"ఒక్క తిప్పుకి! బావా, ఒక్క తిప్పుకి అందుకుంది!"

"ఎండకి లోపలేదో అతుక్కున్నట్టుంది."

"అతుక్కుందా? కొత్త సెల్ఫ్ మోగినట్టు మోగితే అతుక్కుందంటావా? చలిలో లేచి, మంచులో తడిసి, గొలుసు భుజానేసుకుని నీ గేటు దగ్గరికొచ్చి రోజూ లాగితే... నవ్వుకున్నావా? నా చేత చాకిరీ చేయించుకుని లోపల నవ్వుకున్నావా?"

"నవ్వలేదురా."

"మరెందుకు చెప్పలేదు?"

"చెప్దామనే అనుకున్నా. కుదర్లేదు."

"ఎర్ర కంపెనీ బుద్ధే అంత! అబద్ధం మీద నడిచే బండి! ఇక రేపట్నించి నీ గేటు వైపు చూస్తే నన్నడుగు!"

"అరిచింది చాలురా తమ్ముడూ. చినుకు పడింది. నువ్వు కూడా ఎక్కి నీ తాళం తిప్పు."

"నాది నిజంగానే పోయిందక్కా."

"తిప్పు."

"వైరు కాలింది, పొగ..."

"నన్ను రమ్మంటావా నీ బండెక్కడానికి?"

"వద్దు! వద్దక్కా. నువ్వు దిగు ముందు."

"మెకానిక్ నాకంతా చెప్పాడు. పోయిన కోతలప్పుడే మీ ఇద్దరి బళ్ళకీ సెల్ఫ్‌లు మార్చాడట. ఒకే డబ్బాలోంచి తీసి, పొద్దున ఒకరికి, మధ్యాహ్నం ఒకరికి."

"వాడికి మతి పోయిందని ఇందాకే అన్నా."

"మీరాగండి. మీరు వాడికేం చెప్పారో కూడా నాకు తెలుసు. 'మా బామ్మర్దికి చెప్పకు, తెలిస్తే పొద్దున్నే మా గేటు దగ్గరికి రావడం మానేస్తాడు.' అన్నారా, లేదా?"

"అక్కా, బావ అలా అన్నాడా?"

"నువ్వు తక్కువ తిన్నావా? మధ్యాహ్నం పోయి, 'మా బావకి చెప్పకు, తెలిస్తే సాయంత్రం చేలో నా కోసం ఆగడు' అన్నావట. ఆ మెకానిక్ నవ్వలేక చచ్చాడు. చినుకులు పెద్దవయ్యాయి, మొక్కజొన్న తడుస్తోంది. తిప్పరా ఆ తాళం!"

"తిప్పుతున్నానక్కా, ఇదిగో..."

"ఆగరా. తాళం జోలికి పోకు."

"ఏం బావా?"

"ఆ గొలుసు తీసుకొచ్చి తగిలించు. నా ఎర్రది లాక్కుండా నీ డబ్బా ఏనాడన్నా కదిలిందా?"