పదకొండేళ్ళుగా భార్య వేషం

లాగోస్‌లో గవర్నరు దొర చూడబోయే ఇంగ్లీషు ప్రహసనానికి ఇంకా గంట టైముంది. చర్చి హాలు వెనక గదిలో మొగుడూ పెళ్ళాం ఒకే గౌనును చెరోవైపు పట్టుకుని లాగుతున్నారు.

“వదులు! పదకొండేళ్ళుగా ఈ నాటకంలో భార్య వేషం నాదే. ఫ్రీటౌన్‌లో, కేప్ కోస్ట్‌లో జనం పొట్ట పట్టుకుని నవ్వారు.”

“ఎవర్ని చూసి నవ్వారు? నాటకంలో భార్య ఇంగ్లీషావిడ కదా, ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని, మెడ తిప్పుకుంటూ, ‘అయ్యో దేవుడా’ అని ముక్కు చీదుతుందా? అది నేనండీ! మొన్న చాటుగా రిహార్సల్ చూసేదాకా నాకు తెలీదు. ఇల్లు కదలని నన్ను ఊరూరా ఊరేగించారు!”

“నటన అంటే ఎవర్నో ఒకర్ని చూసి నేర్చుకోవాలిగా! ఇంట్లో ఉన్నదాన్ని చూశాను.”

“చూశారు, దోచారు. అందుకే నాటకం నడిపే విలోబీ మాస్టార్ని అడిగి ఆ వేషం నేను తెచ్చుకున్నాను.”

“ఆడవాళ్ళు స్టేజీ ఎక్కితే బిషప్ గారు ఊరుకుంటారా?”

“మీరు ఆడవేషం ఆడి ఆడి ఆడదాన్నే ఆడిపోసుకుంటే ఊరుకున్నారుగా!”

“మరి నేనేం వెయ్యను?”

“మొగుడి వేషం. అబద్ధాలాడి బల్ల కింద దాక్కోవడమేగా, మీకు రిహార్సల్ కూడా అక్కర్లేదు.”

“ఒసేయ్, నిజమైన ఆడదాన్ని చూసి ఎవడూ నవ్వడే! నాటకం చచ్చిపోతుంది.”

“చావనివ్వండి. నాటకం చివర్లో ఆ భార్య ఎందుకు ఏడుస్తుందో ఈ ఊరు ఒక్కసారైనా వింటుంది.”