బండికి జ్వరం

షెడ్డు ముందు పాత డీజిల్ పికప్, దాని పక్కన అమ్మజూపుతున్న పెద్దాయన. నిద్రపోతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని, వాడి నుదురు చూసినట్టే బానెట్ మీద చెయ్యి పెట్టాను.

"ఏంటమ్మాయ్, బండికి జ్వరం చూస్తున్నావా?"

"పాడు అలవాటు బాబాయ్. వీడు పుట్టాక గోడ కనబడినా చెయ్యి పెడుతున్నా. అయినా, కాలిపోతోందే! పొద్దున్నుంచీ తియ్యలేదన్నారుగా?"

"ఊరికే, ఇందాక కాసేపు తిప్పాన్లే. ఎక్కి చూడు, గేర్లు వెన్నలా పడతాయి."

"చల్లారాక చూస్తా."

"గేర్ల గురించి నీకేం తెలుసమ్మా?"

"నా మొహం తెలుసు! ఏడో క్లాసులో బడి మానేసినదాన్ని. మందు పడగానే పిల్లాడు బంతిలా ఎగురుతాడు, అది దిగాకే అసలు రోగం తెలుస్తుంది. నాకొచ్చిన చదువు అదొక్కటే. రేపట్నించి మా కూరగాయల బేరమంతా దీనిమీదే కదా, భయం."

చల్లారేదాకా అరుగు మీద కూర్చున్నాం. తరువాత ఆయన స్టార్ట్ చేసి రెండో గేరు వేశాడు. బండి గర్రుమని అరిచింది. పిల్లాడు ఉలిక్కిపడి లేచి ఏడుపందుకున్నాడు.

"గేర్‌బాక్స్ బాగుచేయించే ఇస్తాలేమ్మా."

"చేయించాక కబురు పెట్టండి బాబాయ్. చల్లటి బండి దగ్గరికి మళ్ళీ వీణ్ణే నిద్రపుచ్చి తెస్తా. వీడు లేవకపోతే కొంటాను."