పులిని సర్దిన వంటిల్లు

సిరిసిల్లల గంగుబాయి చాయ్ హోటల్ ముందు రెండు బెంచీలు ఉంటయి. ఒకదాని మీద కూర్చుంటే చాయ్ వస్తది. రెండోదాని మీద కూర్చుంటే చాయ్‌తో పాటు ముచ్చట కూడా వస్తది. ఆ పొద్దు రెండో బెంచీ భానుప్రసాద్‌ది.

ఇరవై నాలుగేండ్ల భానుప్రసాద్ మూడు వారాల కింద కొత్త పని మొదలుపెట్టిండు. ఇరుకు వంటిండ్లను కొలిచి, షెల్ఫులు, కొక్కేలు బిగించి, ఉన్న జాగలోనే అన్నీ పట్టేటట్టు సర్దిపెట్టుడు. కార్డులు అచ్చు వేయించి రెండు వందలు పంచినా ఎవ్వరూ పిలువలే. ఆఖరికి రామచంద్రం పిలిచిండు. రామచంద్రం ఇంట్లో ముందు అర్ర నిండా రెండు సాంచలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు. వెనుక మిగిలింది ఆరడుగులకు ఐదడుగుల వంటిల్లు. భానుప్రసాద్ మొన్న పోయి నమూనాకు ఒక గోడకు షెల్ఫు, కొక్కేలు బిగించి వచ్చిండు. మిగతా మూడు గోడల పని ఇచ్చేది లేనిది ఈ పొద్దు చెప్తనన్న రామచంద్రం, సాంచలను తమ్ముడికి ఒప్పజెప్పి వచ్చి ఎదురుగా కూర్చున్నడు. చెప్తలేడు. చాయ్ ఊదుకుంటున్నడు.

అది చూసి భానుప్రసాద్‌కు గుబులైంది. గుబులైతే అతనికి మాటలు ఎక్కువొస్తయి.

“కాకా, నువ్వేం ఫికర్ చెయ్యకు,” అన్నడు. “మీది ఆరు బై ఐదు. ముప్పై చదరపు అడుగులు. అది వంటిల్లు గాదు, మైదానం! కాగజ్‌నగర్‌ల మా శంకరవ్వ అత్తమ్మ వంటిల్లు ఎంతనుకున్నవ్? ఐదు బై నాలుగు. ఇరవై! అండ్ల అరవై మూడు సామాన్లు, నేనే లెక్కవెట్టిన. బియ్యం సంచి, జొన్నపిండి డబ్బా, రోలు, గ్యాస్ బండ, ఏడాదికి సరిపోను చింతపండు, నాలుగు తొక్కు జాడీలు. అత్తమ్మకు ఉప్పు కావాల్నంటే ముందుగాల జాడీ బయట పెట్టాలె, జాడీ బయట పెట్టాల్నంటే మామను ఇంకింత బయటికి పంపాలె.”

“మామ గూడ సామాన్ల లెక్కలకే వస్తడా?” అన్నడు పక్కన కూర్చున్న బుచ్చిరాములు. నలభై ఏండ్లు సాంచలు నడిపిన ముసలాయన. ఎవరి మాటనూ ఉత్తగ పోనియ్యడు.

“అరవై నాలుగోది, తాతా,” అన్నడు భానుప్రసాద్ ఆగకుండా. “నేనేం జేసిన? మూడు కొక్కేలు కొట్టిన. గరిటెలు ఎక్కిచ్చిన. సగం గోస అక్కడ్నే పోయింది.”

అంతవరకు నిజమే. రామచంద్రం కొంచెం తల ఊపి ఉంటే ముచ్చట అక్కడే ఆగిపోయేది. రామచంద్రం ఊపలే.

“ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?” భానుప్రసాద్ బెంచీ అంచుకు జరిగిండు. “గ్లాసులు ముంతల పెట్టిన, ముంతలు సర్వల పెట్టిన, సర్వలు గంజుల, గంజులు పెద్ద గుండిల. పందొమ్మిది గిన్నెలు ఒక్క గిన్నె జాగల కూసున్నయ్! తలుపు ఎనుక డబ్బాలు, సజ్జ కింద సంచులు. పొద్దుగూకేసరికి చూస్తే ఇరవైలకెల్లి పదకొండు అడుగులు ఖాళీ. అత్తమ్మ పరేషాన్. మనింట్ల దొంగలు వడ్డరు బిడ్డా అని ఏడుసుడు వెట్టింది.”

గంగుబాయి నవ్విన నవ్వుకు పొయ్యి మీద చాయ్ పొంగింది. భానుప్రసాద్‌కు ఊపొచ్చింది.

“గా ముచ్చట వాడకట్టంత తెలిసింది. పక్కింటామె వచ్చి, మా బస్తాలు గూడ జర మీ ఇంట్ల పెట్టరాదు అన్నది. పెట్టిన. ఆమెను చూసి ఇంకొకామె. పదకొండిండ్లు, ఇంటికి మూడు, ముప్పై మూడు బస్తాలు! పెట్టినా ఇంక జాగ ఉండె. అండ్లనే ఒక లగ్గం వచ్చె. నాలుగు వందల మందికి వండే గుండీలు, ఐదు వందల కుర్చీలు, అన్నీ లోపట పెట్టిన.”

“వంటింట్ల కుర్చీలెందుకురా?”

“వాన తాతా, వానొచ్చింది! టెంటు గూడ మడిచి జొన్నపిండి డబ్బా ఎనుక పెట్టిన.”

“మరి లగ్గం పిల్ల?”

“సజ్జ మీద కూసొని తయారైతుండె.”

అటు బెంచీ మీదోళ్లు కూడా గ్లాసులు పట్టుకొని ఇటు వచ్చిన్రు. రామచంద్రం ఒక్కడే ఇంకా చాయ్ దిక్కే చూస్తున్నడు. ఈయన మెత్తవడాలంటే లగ్గం సరిపోదు, ఇంకేదన్న పెద్దది కావాలె అనుకున్నడు భానుప్రసాద్.

“ఇగ అసలు ముచ్చట ఇనుండ్రి. కాగజ్‌నగర్ పక్కపొంటి అంత అడివేనాయె. తెల్లారంగ ఒక పులి వచ్చింది. వంటింటి తలుపు తీసే ఉన్నది, సక్కగ లోపటికి పోయింది. వాడోళ్లంత కట్టెలు వట్టుకొని ఉరికొచ్చిన్రు. అడివి శాఖోళ్లు వచ్చేదాక పులి బయటికి రావద్దు, ఎట్ల? అత్తమ్మ ఏమన్నదో ఎరికేనా? పులి ఉంటే ఉండనీ, నా చింతపండు మాత్రం కదుపకు అన్నది. సరే అత్తమ్మా అని నేను టేపు తీసి పులిని కొలిచిన.”

“కొలువనిచ్చిందా?”

“మూతి కాడ జర గునిసింది. ముక్కు నుంచి తోక కొస దాక తొమ్మిదడుగులు!”

“దొరికినవ్‌రా!” బుచ్చిరాములు తొడ కొట్టుకున్నడు. “ఇల్లేమో ఐదడుగులంటివి. తొమ్మిదడుగుల పులి ఎట్ల వట్టింది?”

ఈ మాట కోసమే చూస్తున్నడు భానుప్రసాద్. అతను పులి గురించి అబద్ధం ఆడుతడు గాని అంకెల గురించి ఆడడు.

“పొడుగు ఐదు, ఎడల్పు నాలుగు, ఎత్తు ఎనిమిది. ఐదైదుల ఇరవై ఐదు, నాలుగు నాలుగుల పదహారు, ఎనిమిదెనిమిదుల అరవై నాలుగు. కలిపితే నూట ఐదు. దాని వర్గమూలం తియ్యి. పదడుగుల మూడంగుళాలు! కింది మూల నుంచి ఎదురుంగ పై మూలకు ఏటవాలుగ పెడితే, పులి పోను ఇంక పదిహేను అంగుళాలు మిగులుతది. అండ్ల చాపత్తా డబ్బా పెట్టిన. తోకను గరిటెల కొక్కేనికి తగిలిచ్చిన. పులి ఊగింది, గుంజింది, గాండ్రిచ్చింది. కొక్కెం ఇంచు గూడ జరుగలే!”

ఎవరో ఫోన్ తీసి నూట ఐదుకు వర్గమూలం కొట్టి చూసిండు. “అరే, లెక్క కరెక్టే,” అన్నడు.

రామచంద్రం గ్లాసు కింద పెట్టిండు. “లెక్కలైతే మంచిగ చేస్తడు,” అన్నడు మెల్లగ. పొద్దటి నుంచి ఆయన అన్న మొదటి మాట అది. మూడు గోడలు తన చేతికి వచ్చినట్టే అనిపించింది భానుప్రసాద్‌కు.

అప్పుడే వెనుక నుంచి ఒక చెయ్యి వచ్చి బెంచీ మీద నాలుగు కొక్కేలు కుమ్మరించింది. రామచంద్రం భార్య రోజారాణి. ఎప్పటి నుంచి నిలబడి వింటున్నదో ఎవరూ చూడలే.

“పులి గుంజినా జరుగని కొక్కెం, నా పప్పు గరిటెకు ఎందుకూడింది భానూ?”

“ఊడిందా! అట్లెట్ల చిన్నమ్మా, మొన్న నేనే ఏలాడి చూస్తిగదా?”

“మొన్న అమాస. అమాస నాడు మా ఇంట్ల సాంచలు బంద్. నిన్న కరెంటు లేకుండె. ఈ పొద్దు నడిచినయ్, గోడ గోడంత వణికింది. పావుగంటల నాలుగూ ఊడినయ్. షెల్ఫు మీది డబ్బాలు ఒకదాని ఎనుక ఒకటి నడుసుకుంట అంచుకు వచ్చినయ్. ముందుగాల వచ్చింది పసుపు డబ్బా.”

అందరూ తల ఎత్తి చూసిన్రు. రోజారాణి పాపిట నుంచి చెవి దాకా పచ్చగ ఉన్నది.

“సిరిసిల్లల పుట్టి సాంచను మరిచినవారా!” అన్నడు బుచ్చిరాములు. ఆ మాటల నవ్వు లేదు, నిజంగనే ఆశ్చర్యపోయిండు.

భానుప్రసాద్‌కు ఏ అంకె అందలే. తండ్లాడితే ఒక చిన్న అంకె దొరికింది.

“నిజం చెప్త చిన్నమ్మా. ఇప్పటిదాక నేను సర్దినవి రెండిండ్లే.”

“ఒకటి కాగజ్‌నగర్‌ల మీ అత్తమ్మది. రెండోది?”

“మీదే.”

రామచంద్రం నవ్వు ఆపుకుంట మొఖం పక్కకు తిప్పుకున్నడు. రోజారాణి నవ్వలే గాని, కొక్కేలు ఒక్కొక్కటి ఏరి భానుప్రసాద్ చేతుల పెట్టింది.

“మూడు గోడలు నీకే ఇస్త. గనీ ముందుగాల ఈ గోడ మళ్ల బిగియ్యి, సాంచలు నడుస్తుండంగ. బిగిచ్చినంక గా షెల్ఫు కిందనే కూసొని అన్నం తిను. నేనే వడ్డిస్త. నీ పళ్లెంల ఏం వడకుండ తిని లేచినవనుకో, పని నీది.”

భానుప్రసాద్ మనసులో లెక్క గబగబ నడిచింది. పదకొండు డబ్బాలు, రెండు సాంచలు, ఒక్కటే తలకాయ.

“తప్పకుండ చిన్నమ్మా. గనీ ఇయ్యాల శనివారం గదా, నేను ఒక్కపొద్దుంట.”

“పొద్దటి సంది నా కాడ మూడు మిర్చి బజ్జీలు తిన్నవ్ గద బిడ్డా,” అన్నది గంగుబాయి, చాయ్ వడపోసుకుంట.

నవ్వులు ఆగేదాకా భానుప్రసాద్ ఆగిండు. తర్వాత లేచి, అంగీ సవరించుకొని, కొక్కేలు జేబుల వేసుకొని, ఓడినోని లెక్క గాకుండా పని దొరికినోని లెక్క రోజారాణి వెంట నడిచిండు. నాలుగడుగులు వేసి వెనుకకు తిరిగిండు.

“కాకా, మీ సాంచ నిమిషానికి ఎన్ని దెబ్బలు కొడ్తది?”

రామచంద్రం నోరు తెరిచేలోపే బుచ్చిరాములు అందుకున్నడు.

“నడువురా, డబ్బాలు నెత్తి మీద పడంగ లెక్కవెడుదువు గని.”