అద్దం మీద మైనం

వాన జోరుగా కురుస్తోంది. కార్ల పాలిష్ షాపు ముందు ఆపిన పాత కారులో అక్క స్టీరింగ్ ముందు కూర్చుంది, తమ్ముడు పక్క సీట్లో.

“మళ్ళీ తుడుస్తావేంట్రా? ఇది నాలుగోసారి. అద్దం అరిగిపోతుంది.”

“అరగదులే. ఏసీ గాలి అద్దం మీదకి తిప్పు. ఆ బటన్ కాదక్కా, కిందది. ఆఁ, చూశావా, ఆవిరి ఎలా పోతోందో.”

“చూశాను మహానుభావా. బడి వదిలేశారు. పాప గేటు దగ్గర తడుస్తూ ఉంటుంది. వెళ్ళనా?”

“ఆగు, వైపర్లు వెయ్యి. గీతలు పడుతున్నాయా?”

“లేవు.”

“సరిగ్గా చూడు. ఆ లారీ లైటు చుట్టూ చెదురుతోందా?”

“లేదురా బాబూ! మీ బావ పోయాక నేర్చుకున్నాను, వానలో నడపడం ఇదే మొదలు. ధైర్యం చెప్పాల్సినవాడివి, నువ్వే వణుకుతున్నావు.”

“చలి.”

“చలా! మీ బావ ఉంటే ఎంత నవ్వేవారో.”

“ఆయనకేం, పక్కన నువ్వుండేదానివి. ‘ఎడమకి తిప్పండి, ముందు సైకిలుంది, బ్రేకు బ్రేకు’ అని ఒకటే గోల. ఆఫీసు దాకా తోడెళ్ళి బస్సులో తిరిగొచ్చేదానివి, సాయంత్రం మళ్ళీ వెళ్ళేదానివి. ఏం ప్రేమ రా బాబూ అనుకునేవాళ్ళం.”

“ఆ మాటలిప్పుడెందుకు? దిగు, టైమవుతోంది.”

“అక్కా, ఒక్క మాట. అద్దానికి పాలిష్ మైనం పూయనివ్వకు. ఎవరు పూస్తానన్నా సరే. నేను పూస్తానన్నా సరే.”

“నువ్వెందుకు పూస్తావు? నీ పనే అది, నీకు తెలీదా?”

“తెలుసు. తెలిసే పూశాను.”

“ఏంటి?”

“బావ కారుకి. యాక్సిడెంటుకి ముందురోజు సాయంత్రం. మర్నాడు ఆయన పుట్టినరోజు కదా, మెరిసిపోవాలని బండంతా పాలిష్ పెట్టాను. డబ్బాలో కాస్త మిగిలితే అద్దానికీ రాసేశాను. వాన పడితే అది జిడ్డులా పరుచుకుంటుందక్కా. ఎదుటి లైటు తగిలితే తెల్లటి తెర. పొద్దున్నే వచ్చి తీసేద్దామనుకున్నాను. లేచేసరికి వాన పడుతోంది, అప్పటికే ఫోనొచ్చింది.”

“ముందురోజు సాయంత్రమా?”

“తిట్టు. కొట్టు. బావని చంపింది నేనే.”

“నోర్ముయ్.”

“ఎనిమిది నెలల్నుంచీ షాపుకొచ్చిన ప్రతి బండి అద్దమూ నేనే కడుగుతున్నాను. పనివాళ్ళని తాకనివ్వట్లేదు.”

“అందుకేనా మా ఇంట్లో అన్నం తినడం మానేశావు?”

“ఏ మొహం పెట్టుకుని తినను?”

“ఇటు చూడు. ఇటు చూడరా. ఆ సాయంత్రం నువ్వు వెళ్ళగానే నేను అద్దం మీద చెయ్యి వేశాను. జారింది. సబ్బునీళ్ళు పెట్టి రెండుసార్లు కడిగాను. ఒక్క మరక లేదు.”

“అబద్ధం. నా కోసం చెప్తున్నావు.”

“అబద్ధమైతే బాగుండేది. అద్దం శుభ్రంగానే ఉంది తమ్ముడూ. మీ బావకే కళ్ళు సరిగ్గా కనపడేవి కావు.”

“బావకా?”

“అప్పటికే ఏడాదిగా. డాక్టరు బండి ముట్టుకోవద్దన్నాడు. తెలిస్తే ఉద్యోగం తీసేస్తారని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నారు. నువ్వు నవ్వుకున్న ఆ గోలంతా, నేను దారి చూపించడమేరా.”

“మరి ఆ రోజు నువ్వు పక్కన...”

“నాకు జ్వరం. లేవలేకపోయాను. ‘రోజూ వెళ్ళే దారేగా, ఈ ఒక్కరోజే’ అన్నారు.”

“ఆపలేదా?”

“తాళాలు నా దిండు కింద దాచి ఉన్నాయి. నేనే తీసి చేతికిచ్చాను.”